మందపు ఊలు మేజోళ్ళు పడవల్లా వదులైనప్పుడు

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇది. గుంటూరు నుంచి మీ అత్తగారు సంక్రాంతి దాకా ఉండడానికి బెంగళూరు మారతహళ్ళిలోని మీ ఇంటికి వచ్చారు. తెల్లవారుజామున గ్రానైటు నేల మీద కాలు మోపగానే ఆవిడ అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. మీరు మందపు ఊలు కొని, ఉండ మీది చీటీలో ఉన్న 8 మిల్లీమీటర్ల సూదులే తీసుకుని, ఒక వీడియోలో చెప్పినట్లు 36 కుట్లు ఎక్కించి ఒక మేజోడు పూర్తిచేశారు. అది అత్తగారి కాలికి కాదు కదా, మీ మామగారి కాలికి కూడా వదులే అయింది. రెండోది మొదలుపెట్టే ముందు తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని అడిగారు. ఒకటి అల్లగానే ఆగి అడగడం మంచిదైంది, ఎందుకంటే చాలామంది రెండూ అల్లేశాకే అడుగుతారు.

మీ చేతిపనిలో లోపం లేదు. మీరు పంపిన ఫొటోలో స్కేలు పక్కన లెక్కపెడితే 4 అంగుళాలకు 11 కుట్లు వచ్చాయి. 36 కుట్లను ఆ లెక్కన పరిస్తే చుట్టుకొలత 13 అంగుళాలు దాటుతుంది, మీ అత్తగారి పాదం చుట్టుకొలత 9 అంగుళాలేనని మీరే రాశారు. ఆ వీడియోలో అల్లినావిడ కుట్లు ఎంత బిగువుగా ఉన్నాయో మీకు తెలియదు, కనుక ఆవిడ 36 మీకు పనికిరాదు. మేజోళ్ళ అల్లికలో ఒకరి కుట్ల సంఖ్యను మరొకరు అరువు తెచ్చుకోకూడదు. ఎవరి నమూనా ముక్కను వారు అల్లి, ఎవరి లెక్కను వారు కట్టుకోవాలి.

ఇక 8 మిల్లీమీటర్ల సూదుల సంగతి. ఊలు చీటీ మీద ఉండే సూది కొలత సాధారణంగా స్వెట్టరును, మఫ్లరును దృష్టిలో పెట్టుకుని వేసినది, ఆ బట్ట ఒంటి మీద మెత్తగా వాలితే చాలు. మేజోడు మీద మనిషి బరువంతా పడుతుంది, అడుగడుగునా నేల దాన్ని రాస్తుంది. వదులుగా అల్లిన మందపు బట్టలో కుట్టు కుట్టుకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి నాలుగు రోజుల్లో అది సాగి, అరికాలి కింద ముద్దగా చేరి, వారం తిరిగేసరికి మడమ దగ్గర పలచబడుతుంది. అందుకే మేజోళ్ళకు చీటీ చెప్పినదానికన్నా కనీసం ఒకటి రెండు మెట్లు సన్నని సూది వాడాలి. మీ ఊలుకు నేనైతే 5 లేదా 5.5 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని, 4 అంగుళాలకు 14 కుట్లు వచ్చేదాకా ప్రయత్నిస్తాను. చేతికి కాస్త గట్టిగా, దాదాపు మందపాటి టవలులా తగలాలి. ఇంత మందపు ఊలును ఇంత సన్నని సూదులతో అల్లితే మొదటిరోజు వేళ్ళు నొప్పిపుడతాయి, అందుకని రోజుకు అరగంట చాలు.

నా మొదటి జతకు కూడా ఇదే గతి పట్టింది. బెంగళూరుకు కాపురం వచ్చిన కొత్తలో, చలికాలం కదా అని ఎంతో ముచ్చటపడి అల్లితే, వాటిలో ఒకటి మా ఇంట్లో వేడినీళ్ళ సీసాకు తొడుగుగా పదేళ్ళు పనిచేసింది.

ఈ ఊరి చలిని కూడా సరిగా అంచనా వేయాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నా, ఇది మంచు కురిసే చోటు కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత సుమారు 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో 7.8 డిగ్రీలు. గుంటూరు ఎండలకు అలవాటైన ఒంటికి ఈ 15 డిగ్రీలే ఎక్కువ కావచ్చు గానీ, అసలు బాధ గాలిది కాదు, నేలది. గ్రానైటు, టైల్సు పాదంలోని వేడిని చప్పున లాగేసుకుంటాయి. దానికి అడ్డుపడేది ఊలులో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. కాబట్టి మీ శ్రమంతా అరికాలి దగ్గర పెట్టండి. మోకాలి దాకా ఎక్కే పొడవైన గొట్టం ఈ ఊళ్ళో అనవసరం. చీలమండ పైన 3 అంగుళాలు ఉంటే చాలు.

పొట్టిగా ఉండాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు స్నానాలగదికి వెళ్ళేటప్పుడు, దేవుడి గదిలోకి అడుగుపెట్టేటప్పుడు, నీళ్ళు పడ్డ వంటింటి గట్టు దగ్గర మేజోళ్ళు విప్పుతారు, మళ్ళీ తొడుక్కుంటారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా అరడజను సార్లు జరిగే ఈ పనికి, వంగి లాగనవసరం లేని, ఒక వేలు దూర్చి జార్చగలిగే అంచు కావాలి. మీరు చూసిన విదేశీ పద్ధతులు రోజంతా తొడుక్కుని ఉండే వాళ్ళ కోసం రాసినవి, కాబట్టి వాటిలో ఈ ఆలోచన ఉండదు.

ఊలు విషయంలో నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. మన దుకాణాల్లో ఊలు పేరుతో దొరికేదాంట్లో ఎక్కువ భాగం అక్రిలిక్కే. అది మెత్తగా ఉంటుంది, మిషనులో ఉతికినా చెడదు, పురుగు పట్టదు, కానీ చెమటను పీల్చుకోదు. అసలైన ఊలు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. అయితే ఉతకడంలో అజాగ్రత్తగా ఉంటే కుంచించుకుపోయి కంబళిలా గట్టిపడుతుంది. కంబళి అంటే గుర్తుకొచ్చింది, మన కురుమలు గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రెల బొచ్చు నేల చలిని బాగా ఆపుతుంది గానీ, ముతకగా గుచ్చుకుంటుంది కాబట్టి ఒట్టి పాదానికి పెట్టకండి. నేను చేసేది ఏమిటంటే, ఒకే లావు దారం కొనకుండా, డీకే అనే మధ్యరకం దారాలు రెండు తీసుకుంటాను, ఒకటి ఊలు కలిసినది, ఒకటి అక్రిలిక్. రెండింటినీ కలిపి ఒకే దారంలా పట్టుకుని అల్లుతాను. మందం మీరు కొన్నదానికి దగ్గరగా వస్తుంది, ఒకటి చెమట సంగతి చూసుకుంటే మరొకటి అరుగుదలను చూసుకుంటుంది. రెండు రంగులు తీసుకుంటే చుక్కలు చుక్కలుగా ముచ్చటగా ఉంటుంది, మురికీ కనబడదు. అత్తగారి జతకు 150 గ్రాములు సరిపోతుంది, 200 గ్రాములు ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. ఉండలన్నీ ఒకేసారి కొనండి, రెండో విడత రంగు మొదటి దానితో కలవకపోవచ్చు.

పురి లేని, ఉబ్బుగా ఉండే ఒంటి పేట దారం మాత్రం మేజోళ్ళకు వద్దు. చూపుకు దూదిపింజలా ఉంటుంది, నేల మీద పది అడుగులు వేయగానే నూగు లేస్తుంది. దాన్ని ఎంచుకుని తర్వాత నూగు ఏరుకుంటూ కూర్చుంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లే.

సూదులు కొనేటప్పుడు నంబరు అడగకుండా మిల్లీమీటర్లు అడగండి. మామూల్‌పేట వైపు కుట్టుపని సామాను దుకాణాల్లోనూ, పేటల్లోని చిన్న కొట్లలోనూ పాత బ్రిటిషు నంబర్లే ఇంకా నడుస్తున్నాయి. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావవుతుంది. బ్రిటిషు 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5. కాగితం మీద 8 అని చూసి, కొట్లో 8 అని అడిగి, ఇంటికి వచ్చి తల పట్టుకున్న వాళ్ళను చాలామందిని చూశాను. గుండ్రంగా అల్లడానికి రెండు కొనలూ మొనదేలిన సూదులు ఐదు కావాలి, లేదా రెండు కొనలనూ తీగతో కలిపిన 80 సెంటీమీటర్ల తీగ సూది ఒకటి. మీకు క్రోషియా వచ్చు అన్నారు, అమ్మమ్మగారు నరసాపురం లేసు అల్లేవారని కూడా రాశారు. ఆ కొక్కెం సూది దగ్గర పెట్టుకోండి, జారిన కుట్టును పైకి ఎక్కించడానికి అంతకు మించినది లేదు. కాకపోతే లేసు అల్లిన చేయి దారాన్ని పట్టి పట్టి లాగుతుంది, మీ విషయంలో అది మేలే.

కొలత సాయంత్రం తీసుకోండి, అప్పటికి పాదం కాస్త పొంగి ఉంటుంది. పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట టేపు చుట్టండి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా పొడవు చూడండి. మీరిచ్చిన లెక్కలో రెండూ 9 అంగుళాలే. మేజోడు పాదం కన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి, సాగి పట్టుకుంటేనే అది నిలుస్తుంది. చుట్టుకొలతలో ఒక అంగుళం, పొడవులో అర అంగుళం తగ్గించండి. 8 అంగుళాలను అంగుళానికి మూడున్నర కుట్ల లెక్కన వేస్తే 28. అదే మీ సంఖ్య. నమూనా ముక్కను కూడా గుండ్రంగానే అల్లి కొలవండి, ఎందుకంటే అటూ ఇటూ తిప్పి అల్లినప్పుడు పర్ల్ (ఉల్టా కుట్టు) వరుస చాలామందికి కొంచెం వదులుగా వస్తుంది, లెక్క తేడా పడుతుంది.

28 కుట్లను రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించి, తర్వాత ఒక సూది లాగేయండి. అప్పుడు అంచు మడమ దాటేటంతగా సాగుతుంది. పాదం 9 అంగుళాలైనా, మడమ మీదుగా వంపు చుట్టుకొలత దాదాపు 12 దాకా ఉంటుందని మరవకండి. మెలిక పడకుండా చూసుకుని గుండ్రంగా కలిపి, రెండు నిట్ (సూటి కుట్లు), రెండు పర్ల్ చొప్పున 3 అంగుళాలు అల్లండి. సూది మారే చోట నిలువు సందు పడుతుందని చాలామంది మొదటి కుట్టును బలంగా లాగుతారు. నా అనుభవంలో రెండో కుట్టు అల్లాక లాగితేనే ఆ సందు మూసుకుంటుంది. మీ అత్తగారికి కాళ్ళ వాపు గానీ, చక్కెర వ్యాధి గానీ ఉంటే ఈ రిబ్బు (నిట్, పర్ల్ గీతల అంచు) ఎక్కడా చర్మం మీద గీత పడేంత బిగువుగా ఉండకూడదు. అలాంటప్పుడు ఈ 3 అంగుళాలకూ అర మిల్లీమీటరు లావు సూది వాడండి, లోపల ముడులేవీ వదలకండి. చక్కెర వ్యాధి ఉన్న వారికి పాదం మీద రాపిడి తెలియకపోవచ్చు, చిన్న ముడి పుండుగా మారేదాకా గమనించరు.

ఇప్పుడు మడమ. మేజోడు నిలబడేదీ, జారేదీ ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. 28లో సగం, అంటే 14 కుట్లను పక్కన ఉంచి, మిగిలిన 14 మీద మాత్రమే అటూ ఇటూ తిప్పుతూ 14 వరుసలు అల్లండి. ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకుండా జరపాలి. అలా చేస్తే అంచున గొలుసులా 7 కుట్లు వరుసగా కనిపిస్తాయి, తర్వాత వాటినే ఎత్తుకుంటాం. నిట్ వరుసల్లో ఒకటి జరిపి ఒకటి అల్లితే మడమ పట్టీ రెట్టింపు మందంగా వస్తుంది, అరుగుదలకు అదే మందు. ఇంకా గట్టిదనం కావాలంటే కుట్టుమిషను నైలాన్ దారం ఒక పేట కలిపి అల్లండి.

మలుపు తిప్పేటప్పుడు కంగారు పడకుండా లెక్క పెట్టండి. నిట్ వైపున మొదటి కుట్టు జరిపి, 7 అల్లి, తర్వాతి రెండింటినీ ఎడమకు వాలేలా కలిపి, ఇంకొకటి అల్లి, వరుస పూర్తికాకుండానే తిరగండి. పర్ల్ వైపున ఒకటి జరిపి, 3 అల్లి, రెండు కలిపి, ఇంకొకటి అల్లి తిరగండి. ఇప్పుడు మధ్యలో 6, రెండు పక్కలా మూడేసి అల్లని కుట్లు కనబడాలి. అక్కడి నుంచి ప్రతి వరుసలో కనిపించే సందు దాకా అల్లి, సందుకు అటూ ఇటూ ఉన్న రెండు కుట్లను కలిపి, ఇంకొకటి అల్లి తిరగాలి. చివరి రెండు వరుసల్లో కలపడమే ఉంటుంది, పైన అల్లడానికి కుట్టు మిగలదు. మొత్తం 6 వరుసలు తిరిగేసరికి 8 కుట్లు మిగులుతాయి, బట్ట చిన్న గిన్నెలా వంగి ఉంటుంది. మొదటిసారి ఆ గిన్నె తయారైనప్పుడు కలిగే సంతోషం ఎంత చెప్పినా తక్కువే.

ఆ 8 నిట్ చేసి, పక్క అంచు మీది 7 కుట్లు ఎత్తుకోండి. మూలలో రంధ్రం పడకుండా ఇంకొకటి అదనంగా ఎత్తండి. పక్కన ఉంచిన 14 అల్లి, రెండో మూలలో ఒకటి, ఆ అంచున 7 ఎత్తండి. మొత్తం 38. ఒక చుట్టు మామూలుగా అల్లి, తర్వాత చుట్టు విడిచి చుట్టున, పాదం పైభాగానికి రెండు వైపులా ఒక్కో కుట్టు తగ్గిస్తూ పోతే 5 సార్లకు మళ్ళీ 28కి చేరుతారు. మడమ పక్కల ఏర్పడే ఆ త్రికోణాలే చీలమండ వంపులో బట్ట ముడతలు పడకుండా చూస్తాయి. మీ మొదటి మేజోడులో ఈ త్రికోణాలు లేవు, గొట్టంలాగే అల్లేశారు. అందుకే కొలత సరిపోయినా అది వెనక్కు జారేదే.

తర్వాత పాదం పొడవునా విసుగు పుట్టే నిట్ మాత్రమే. ముగింపుకు ముందు ఒక్క మాట, మీ అత్తగారు మెట్టెలు పెట్టుకుంటారా? మేజోడు లోపల రంగు దారాలు వేలాడే పూల డిజైన్లు అల్లితే మెట్టెలు వాటిలో చిక్కుకుని, తీసేటప్పుడు దారం తెగుతుంది, వేలూ నొప్పిపుడుతుంది. ఆవిడకు సాదా అల్లికే మంచిది. మెట్టెల మూలంగా వేళ్ళ దగ్గర చోటు కూడా కొంచెం ఎక్కువ కావాలి, కాబట్టి కొనను సూదిగా తేల్చకూడదు. మడమ వెనక నుంచి కొలిచి ఏడుంబావు అంగుళాలు వచ్చాక, పైభాగానికీ అరికాలికీ రెండు అంచుల్లోనూ ఒక్కొక్కటి చొప్పున చుట్టుకు 4 కుట్లు తగ్గించండి. చుట్టు విడిచి చుట్టుగా 3 సార్లు, వెంటనే ఇంకోసారి. 12 మిగిలాక ఆపి, పైన 6, కింద 6 ఎదురెదురుగా పెట్టి, ఊలు సూదితో కుట్టు తర్వాత కుట్టు కలుపుతూ అతుకు కనబడకుండా మూయండి. కిచెనర్ కుట్టు అని వెతికితే వీడియోలు దొరుకుతాయి. దారాన్ని అన్ని కుట్లలోంచి లాగి మూతి ముడిచినట్లు బిగించే సులువు పద్ధతి మందపు ఊలుకు వద్దు, బొటనవేలి మీద గోలీకాయంత ముడి కూర్చుంటుంది.

చుట్ల సంఖ్యలన్నీ కాగితం మీద రాసుకుని, రెండో మేజోడు అదే రోజు ఎక్కించండి. వారం ఆగితే చేతి బిగువు మారిపోయి, రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు.

నున్నటి టైల్సు మీద ఊలు మేజోళ్ళతో నడిచే పెద్దవాళ్ళను చూస్తే నాకు భయం. అరికాలికి పట్టు లేకుండా వాటిని మీ అత్తగారికి ఇవ్వకండి. చెప్పులు కుట్టే వారి దగ్గర మెత్తని, గరుకు వైపు నేలకు తగిలేలా కుట్టదగిన తోలు ముక్కలు అడిగి, మడమకు ఒకటి, ముందు పాదానికి ఒకటి అండాకారంలో కత్తిరించి, అంచున రంధ్రాలు పొడిపించుకుని, ఊలు దారంతోనే కుట్టండి. తోలు దొరకకపోతే డ్రాయర్లలో పరిచే రబ్బరు జాలీ మ్యాటు ముక్కలు కుట్టినా పనిచేస్తుంది, కాకపోతే ఏడాదికోసారి మార్చాలి. ఏది కుట్టినా ముందు మీరే తొడుక్కుని నున్నటి టైలు మీద కాలు ఈడ్చి చూడండి.

ఉతకడం సులువే. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా టవలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టండి. తోలు కుట్టి ఉంటే నానబెట్టకుండా పైపైన తుడిచి ఉతకడమే మేలు. తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకే అంగుళం సాగుతాయి. అక్రిలిక్ ఉన్నదాన్ని ఇస్త్రీ చేయకండి, వేడికి దాని సాగే గుణం పోయి, ఒకసారి చచ్చిందంటే మళ్ళీ రాదు. చలి వెళ్ళాక దాచేటప్పుడు పూర్తిగా ఆరినవే దాచండి, జూన్ వానల్లో బెంగళూరు అలమారల్లో చెమ్మ పడుతుంది, ఊలు కలిసిన వాటికి పురుగు ముందుగా అక్కడే పడుతుంది.

ఇక చేతిలో ఉన్న ఆ పడవ మేజోడు. దాన్ని పారేయకండి, కొన దగ్గర దారపు చివర వెతికి విప్పేయండి. విప్పిన దారం నూడుల్సులా వంకీలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకు చుట్టి లచ్ఛిలా చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి, నీళ్ళు కారిపోయాక నీడలో ఆరేయండి. రెండు రోజుల్లో వంకీలు చాలావరకు సర్దుకుంటాయి. ఆ దారంతోనే 5.5 సూదులు పట్టుకుని, 28 కుట్లతో మొదలుపెట్టండి. మడమ మలుపు దగ్గర 8 రాకుండా వేరే సంఖ్య వస్తే, ఎన్ని మిగిలాయో, ఏ వరుసలో ఉన్నారో రాయండి, ఎక్కడ జారిందో చెబుతాను.